పొదలకూరు నిమ్మతోటలో తిరగేసిన లెన్సు: ఒక కేస్ స్టడీ

నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉన్న ఒక పెద్దాయనకు మందుల షెడ్డు గోడకు తగిలించుకునే ఫొటోల షీటు కావాల్సి వచ్చింది. లేత ఇగురు (చిగురు) మీద కనిపించే పురుగుల్లో ఏది ఏదో కూలీలకూ, స్ప్రేయర్ మోసే కుర్రాళ్లకూ చూడగానే తెలియాలి. పుస్తకాల్లో బొమ్మలు ఆయనకు నచ్చలేదు. వాటిలో పురుగు అరచేతంత కనిపిస్తుంది గానీ అది ఆకు మీద ఎక్కడ కూర్చుంటుందో, అసలు ఎంత ఉంటుందో అంతుపట్టదు. నేను పెళ్లిళ్ల ఫొటోలు తీసేవాణ్ణి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, కెమెరాలూ ఖాళీ, మనిషీ ఖాళీ. నిమ్మకు ఆ రోజుల్లోనే ఒక విడత ఇగురు వస్తుంది. సరేనన్నాను.

ఒప్పుకున్నాక అసలు సంగతి బయటపెట్టాడు. ఇగురు మీద చేరే సిల్లా అనే పురుగు గురించి. "అబ్బయ్యా, సిల్లా పిల్లలు బతికుండాయా, సచ్చి డొల్లలైనాయా, అది తేలాల నాకు. బతికుంటే మందు కొడతా. వేరే పురుగు పడి తినేసుంటే కొట్టినా దండగే, ఆ మంచి పురుగు గూడా పోతాది. రెండూ పక్కపక్కన పెట్టి తేడా కనపడేట్టు తియ్యగలవా?"

పనంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఏ లెన్సు, ఎంత పెద్దగా, వెలుగు ఎటునుంచి అన్నవన్నీ దీన్ని బట్టే తేలాయి. తిరగేసిన లెన్సు, అంటే వెనకభాగం పురుగు వైపు ఉండేలా కెమెరాకు తిప్పి బిగించిన లెన్సు, పట్టుకున్నవాళ్లు సాధారణంగా ఎంత పెద్దగా కనిపించిందో చెప్పుకుని మురిసిపోతారు. నా మటుకు పెద్దగా చూపడం ఈ పద్ధతిలో అన్నిటికంటే తేలికైన భాగం. నాలుగొందల రూపాయల్లోపు రింగు ఆ పని చేసిపెడుతుంది. కావాల్సిన ఆనవాలు ఫొటోలో పడిందా లేదా అన్న దగ్గరే మనిషి చెమటోడ్చాలి.

పురుగు కొలత, లెన్సు ఎంపిక

సిల్లా అంటే డయాఫోరినా సిట్రి. ఎదిగిన పురుగు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. గోధుమ రంగు మచ్చల రెక్కలు, తల ఆకుకు ఆనించి, వెనక భాగం సుమారు 45 డిగ్రీలు పైకి లేపి కూర్చునే తీరు. గుడ్లు ఇంకా విచ్చుకోని లేత ఆకుల సందుల్లో ఉంటాయి, పొడవు 0.3 మి.మీ. పిల్ల పురుగుకు ఐదు దశలు. మొదటి దశ పావు మిల్లీమీటరు, చివరిది సుమారు 1.6 మి.మీ. పసుపు, నారింజ కలిసిన రంగు, ఎర్రటి కళ్లు, వెనక నుంచి వంకర్లు తిరిగిన తెల్లటి మైనపు పోగులు. నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులును ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసేది ఈ పురుగే కాబట్టి తోటల్లో దానికి అంత పేరు.

నా పాత నికాన్ డీ7200 సెన్సార్ వెడల్పు 23.5 మి.మీ., ఆ వెడల్పులో 6000 పిక్సెళ్లు. అంటే మిల్లీమీటరుకు 255 పిక్సెళ్లు. వస్తువు ఎంతుందో సెన్సార్ మీద బొమ్మ కూడా అంతే పడితే దాన్ని 1ఎక్స్ అంటాం. 1ఎక్స్‌లో 1.6 మి.మీ. పిల్ల పురుగుకు దక్కేది నాలుగొందల పిక్సెళ్లు. షీటు మీద ఒక్కో ఫొటో నాలుగంగుళాల గడిలో రావాలి, అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు, అంటే గడికి 1200 పిక్సెళ్లు. పురుగు ఆ గడిలో మూడింట రెండొంతులైనా నిండాలంటే ఎనిమిదొందల పిక్సెళ్లు కావాలి. లెక్క నేరుగా 2ఎక్స్ దగ్గరికి వచ్చి ఆగింది.

ఇక్కడే తిరగేసిన లెన్సుకు దాని స్థానం దొరుకుతుంది. మామూలు మాక్రో లెన్సులు ఎక్కువ భాగం 1ఎక్స్ వరకే. పది పదిహేను సెంటీమీటర్ల దూరంలో నిలబడి సీతాకోకచిలుకనో తూనీగనో తియ్యాలంటే వాటికి సాటి లేదు, నేనూ అవే వాడమంటాను. 2ఎక్స్ కావాలంటే మాత్రం వాటికి ఎక్స్‌టెన్షన్ ట్యూబు (కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) గానీ, ముందు ఇంకో అద్దం గానీ కలపాలి. పెళ్లిళ్ల బ్యాగులో మూలన పడి ఉన్న 28 ఎంఎం లెన్సును తిరగేస్తే అదే 2ఎక్స్ పైచిలుకు ఇస్తుంది.

ఎందుకిస్తుందో ఒక మాట. కెమెరా లెన్సును తయారుచేసేది దూరాన ఉన్న పెద్ద దృశ్యాన్ని దగ్గర్లో చిన్న బొమ్మగా పడేయడానికి. ముందుభాగం దూరానికి, వెనకభాగం దగ్గరికి సరిచేసి ఉంటుంది. మనకు కావాల్సింది దీనికి ఎదురు: దగ్గరున్న చిన్న వస్తువు, దానికంటే పెద్ద బొమ్మ. కాబట్టి వెనకభాగాన్ని పురుగు వైపు తిప్పితే లెన్సు దానికి అలవాటైన దూరాల్లోనే పనిచేస్తుంది, అంచుల్లో కూడా బొమ్మ చెదరదు. ఫోకల్ లెంగ్త్ (28 ఎంఎం, 50 ఎంఎం అని లెన్సు మీద రాసే అంకె) తగ్గేకొద్దీ బొమ్మ పెరుగుతుంది. జూమ్ లెన్సుకు అలవాటు పడిన చేతికి ఇది మొదట్లో వింతగా ఉంటుంది: 55 నుంచి 18 వైపు తిప్పితే పురుగు చిన్నది కావాల్సింది పోయి పెద్దదవుతుంది.

నా దగ్గర 52 ఎంఎం ఫిల్టర్ మర ఉన్న లెన్సులు మూడున్నాయి: 50 ఎంఎం ఎఫ్1.8డీ, 28 ఎంఎం ఎఫ్2.8డీ, కెమెరాతో వచ్చిన పాత 18-55. మూడింటికీ ఒకటే రింగు సరిపోయింది. రింగుకు ఒకవైపు కెమెరాకు తగిలే బయొనెట్, రెండోవైపు లెన్సు ముందు మరకు బిగిసే చుట్లు. నికాన్ దీన్ని బీఆర్-2ఏ పేరుతో అమ్మింది. నేను వాడింది మామూలు రకమే.

50 ఎంఎం తిరగేస్తే 1ఎక్స్ కొద్దిగా దాటుతుంది. లెన్సు అంచు నుంచి పురుగుకు సుమారు తొమ్మిది సెంటీమీటర్ల చోటు ఉంటుంది. 28తో 2ఎక్స్ దాటుతుంది, చోటు ఆరు సెంటీమీటర్లకు తగ్గుతుంది. 18 దగ్గర 3ఎక్స్ పైన, చోటు ఐదు సెంటీమీటర్లు. ఎంత చిన్న లెన్సు పెట్టినా చోటు నాలుగున్నర కంటే కిందికి దిగదు. నికాన్ ఎఫ్ మౌంటు (లెన్సు తగిలే చోటు) నుంచి సెన్సార్‌కు ఉన్న దూరం 46.5 మి.మీ. కాబట్టి, తిరగేసినప్పుడు కనీసం ఆ దూరమైనా మనకు పురుగు ముందు చోటుగా మిగులుతుంది.

మూడింటిలో 18-55 ను ముందే పక్కన పెట్టాను. దానికి అపర్చర్ రింగు, అంటే వెలుగు వచ్చే కన్నాన్ని మార్చే రింగు, లేదు. కెమెరా నుంచి విడదీయగానే స్ప్రింగు లాగి కన్నాన్ని దాదాపు మూసేస్తుంది. వెనక ఉన్న చిన్న లివర్ సందులో అగ్గిపుల్ల ముక్క దోపి తెరవచ్చు, కానీ ఎంత తెరిచామో కచ్చితంగా తెలియదు, ఫొటో ఫొటోకూ మారుతుంది. డీ రకం లెన్సుల మీద రింగు ఉంటుంది కాబట్టి ఎఫ్8 అంటే ఎఫ్8 దగ్గరే నిలుస్తుంది (ఈ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది). కెనాన్ వాడేవాళ్లకు వేరే ఉపాయం ఉంది: లెన్సును మామూలుగా తగిలించి, కావాల్సిన అపర్చర్ పెట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కిపట్టి లెన్సు విప్పేస్తే కన్నం అలాగే నిలిచిపోతుంది.

50 ఎంఎం తిరగేసినప్పుడు ఫోకస్ రింగు ఎంత తిప్పినా బొమ్మలో మార్పు రాదు. అద్దాలు కదలవు, మౌంటు వైపు గొట్టం మాత్రం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అందుకని దాన్ని ఇన్ఫినిటీ దగ్గరే వదిలేస్తే పురుగు వైపు కొన్ని మిల్లీమీటర్లు కలిసొస్తాయి. ఫోకస్ చేసేది మనిషి ఒళ్లే, ముందుకో వెనక్కో వెంట్రుకవాసి ఊగడం.

ఎఫ్8 దగ్గర ఎందుకు ఆగాను

2ఎక్స్‌లో ఎఫ్8 పెడితే ఫోకస్‌లో ఉండే మందం సుమారు పావు మిల్లీమీటరు. 1ఎక్స్‌లో అయితే 0.6 మి.మీ. ఉంటుంది. సిల్లా పిల్ల అర మిల్లీమీటరు మందం ఉందనుకున్నా సగమే ఫోకస్‌లో పడుతుంది. ఎఫ్16కు దించితే మందం పెరుగుతుంది కదా అనిపిస్తుంది. కానీ ఇంత దగ్గర్లో లెన్సు మీద రాసి ఉన్న అంకె అసలు అంకె కాదు. 2ఎక్స్‌లో ఎఫ్8 దాదాపు ఎఫ్22 లాగా పనిచేస్తుంది. ఎఫ్16 అయితే నలభై దాటిపోతుంది. అంత చిన్న కన్నంలోంచి వచ్చే వెలుగు డిఫ్రాక్షన్‌తో చెదిరి, ఫోకస్‌లో ఉన్న చోటు కూడా మెత్తబడుతుంది. మందం కోసం బొమ్మ పదును పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఎఫ్8, బల్ల మీద తీసినప్పుడు ఎఫ్5.6, అంతకంటే కదల్లేదు.

వెలుగు కూడా అదే లెక్కన తగ్గుతుంది, సుమారు మూడు స్టాపులు, అంటే దాదాపు ఎనిమిదో వంతుకు. వ్యూఫైండర్ చీకటిగా ఉంటుంది. ఫ్లాష్ పక్కన చిన్న ఎల్‌ఈడీ దీపం కట్టి ఫోకస్‌కు అది వాడాను, ఫొటోకు ఫ్లాష్. కెమెరా మాన్యువల్‌లో, 1/200 సెకను, ఐఎస్ఓ 200, ఫ్లాష్ 1/16 పవర్. ఆ పవర్‌లో చిన్న ఫ్లాష్ వెలిగి ఆరిపోయే సమయం పదివేల వంతు సెకనుకు దగ్గర్లో ఉంటుంది. పొద్దుటి లేత ఎండ ఈ సెట్టింగుల్లో ఫొటోలో పెద్దగా పడదు. చెయ్యి వణికినా, ఆకు ఊగినా బొమ్మ చెదరకుండా ఆపేది షట్టర్ కాదు, ఫ్లాషే.

వెలుగు కన్నాన్ని చూపిస్తుంది, దాచేస్తుంది కూడా

పనిలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచన వెలుగుకే పోయింది.

పెద్దాయన చెప్పిన మంచి పురుగు టమారిక్సియా రేడియాటా అనే పరాన్నజీవి. కందిరీగల వర్గానికి చెందిన, మిల్లీమీటరు ఉండే జీవి. వాటర్‌స్టన్ 1922లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు, ఆయన చూసిన పురుగులు అప్పటి పంజాబ్‌లోని లయల్‌పూర్‌వి. ఆడది సిల్లా పిల్ల కడుపు కింద గుడ్డు పెడుతుంది. పుట్టిన పురుగు ఆ సిల్లా పిల్ల కిందే ఉండి దాన్ని పీల్చి తినేస్తుంది. సిల్లా పిల్ల ఉబ్బి, గోధుమ రంగుకు మారి, ఆకుకు అతుక్కుపోతుంది. చివరికి కొత్త కందిరీగ ఆ డొల్ల ఛాతీ భాగంలో గుండ్రటి కన్నం చేసుకుని బయటికి ఎగిరిపోతుంది. డయాఫోరెన్‌సిర్టస్ అలిగార్హెన్సిస్ అని ఇంకో పరాన్నజీవి ఉంది, అది వెనక పొట్ట భాగం నుంచి కన్నం చేసుకుని వస్తుంది. కాబట్టి కన్నం ఎక్కడుందన్న దాన్ని బట్టి ఏది పనిచేసిందో కూడా పట్టుకోవచ్చు.

కన్నం అర మిల్లీమీటరు కూడా ఉండదు. డొల్ల వీపు గట్టిగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. దాని మీదికి ఫ్లాష్‌ను నేరుగా కొడితే వీపు మీద ఒక తెల్లటి చుక్క పడుతుంది. ఫొటోలో ఆ చుక్కే కన్నంలా కనిపిస్తుంది, అసలు కన్నం మీద పడితే దాన్ని మింగేస్తుంది. రైతు ఈ తేడా చూపించమని అడిగిన షీటు మీద ఇలాంటి ఫొటో వేస్తే ఆయన్ని పక్కదారి పట్టించినట్టే.

వెలుగును మెత్తబరచడానికి బిర్యానీ పార్సిల్ తెల్ల ప్లాస్టిక్ డబ్బా వాడాను. అడుగున లెన్సు పట్టేంత కన్నం కోసి, లోపల ట్రేసింగ్ పేపర్ అతికించి, లెన్సు చుట్టూ తొడిగాను. ఫ్లాష్ తల పైనుంచి డబ్బా మీదికి వంగి ఉంటుంది. పురుగుకు ఆరు సెంటీమీటర్ల దూరంలో పదిహేను సెంటీమీటర్ల తెల్లటి గోడ ఉన్నట్టు లెక్క, చుక్క మెరుపులు మాయమవుతాయి. లేత నిమ్మ ఆకు నూనె పూసినట్టు ఉంటుంది, దాని మెరుపు కూడా అణుగుతుంది.

అయితే వెలుగు మరీ మెత్తగా, అన్నివైపులా సమానంగా పడితే ఇంకో చిక్కు. కన్నం లోతు కనిపించదు, గోధుమ వీపు మీద గోధుమ మచ్చలా కలిసిపోతుంది. డబ్బాలో కుడివైపు సగానికి లోపల నల్ల కాగితం అతికించి చూశాను. వెలుగు ఎడమ నుంచి, కాస్త కిందికి వంగి పడింది. కన్నం ఎడమ అంచు కింద నీడ, కుడి అంచు మీద సన్నటి వెలుగు గీత. చూడగానే ఇది గుంట అని కంటికి తెలిసిపోయింది. ఈ నల్ల కాగితం ముక్కే మొత్తం పనిలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు, దాని ధర సున్నా అయినా సరే.

డొల్లను తోటలో తియ్యాల్సిన పనిలేదు. అది కదలదు, ఎగరదు. ఆకు కోసి ఇంటికి తెచ్చి, బల్ల మీద ఫోకస్ రైలుకు కెమెరా బిగించాను. రైలు స్క్రూ ఒక చుట్టు తిరిగితే ఒక మిల్లీమీటరు జరుగుతుంది. పదో వంతు చుట్టు తిప్పుతూ, కెమెరా మెల్లగా ముందుకు జరుగుతుంటే వరసగా తీసి, ఫోకస్ స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపాను. వీపు పైనుంచి ఆకుకు అతుక్కున్న అంచు దాకా అంతా ఒకే ఫొటోలో వాడిగా వచ్చింది. కోసిన లేత ఆకు ఫ్యాను గాలికి నిమిషాల్లో వాలిపోతుంది, కాబట్టి తడి దూదిలో కాడ గుచ్చి, ఫ్యాను ఆపి తియ్యాలి. శ్రావణం రాకముందే వర్షం లేని ఉక్కపోత రోజుల్లో ఫ్యాను ఆపి కూర్చోవడం అంటే ఏమిటో నెల్లూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తీసినవి చూస్తుంటే రెండు కాదు, మూడు వేర్వేరు రూపాలున్నాయని తేలింది. బతికిన పిల్ల: పసుపు నారింజ రంగు, ఎర్ర కళ్లు, తోక దగ్గర తెల్ల పోగులు. డొల్ల: గోధుమ రంగు, ఉబ్బి, ఆకుకు అతికి, వీపు మీద కన్నం. మూడోది కుబుసం: తెల్లగా, పల్చగా, అద్దంలా, వీపు నిలువునా చీలి ఉంటుంది. సిల్లా పిల్ల ఎదిగి రెక్కల పురుగై వెళ్లిపోయినప్పుడు విడిచిన చర్మం అది. మామూలు కంటికి కుబుసమూ డొల్లా రెండూ 'ఎండిపోయినవే'. కానీ ఒకటి శత్రువు చచ్చిందని చెబుతుంది, రెండోది రెక్కలొచ్చి పోయిందని చెబుతుంది. షీటులో ఈ మూడింటికి పై వరస కేటాయించాం. పెద్దాయనకు కంప్యూటర్ మీద చూపించినప్పుడు కుబుసం ఫొటో దగ్గరే ఎక్కువసేపు ఆగాడు. "ఇన్నాళ్లూ తెల్లగా ఎండినయి చూసి పోయినాయిలే అనుకుంటా ఉండా. ఎగిరిపోయినాయి గదా ఇయ్యి!"

తోటలో

బతికిన వాటిని చెట్టు మీదే తీశాను. పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి తీసేవాళ్లున్నారు. నాకు అది నచ్చదు, ఈ పనికి అసలు పనికిరాదు. సిల్లాను గుర్తుపట్టేదే తోక ఎత్తి కూర్చునే తీరును బట్టి. చల్లబడిన పురుగు కాళ్లు ముడిచి పడుకుంటుంది, పైగా బయటికి తీయగానే ఒంటి మీద నీటి బిందువులు పేరుకుంటాయి.

ఆషాఢంలో పడమటి గాలి పొద్దెక్కేకొద్దీ రేగుతుంది. ఎనిమిదిన్నర దాటితే ఇగురు నిలవదు. తెల్లారుతూనే మొదలుపెట్టి ఆ లోపు ముగించడం ఒక్కటే దారి. కొమ్మను వెదురు కర్రకు బట్టల క్లిప్పుతో బిగించాను, కర్రను నేలలో గుచ్చాను. ఎడమచేతి చూపుడువేలు, బొటనవేలు కొమ్మను పట్టుకుంటాయి, లెన్సు గొట్టం అదే చేతి మిగతా వేళ్ల మీద ఆనుతుంది. కొమ్మ ఊగితే చెయ్యీ, లెన్సూ కలిసి ఊగుతాయి కాబట్టి మధ్య దూరం మారదు. ఈ పట్టు కుదిరాక ఫోకస్ తప్పడం చాలావరకు తగ్గింది. నిమ్మ ముళ్లు మాత్రం క్షమించవు, మణికట్టుకు పాత జీన్స్ గుడ్డ చుట్టుకున్నాను.

లెన్సు వెనక అద్దానికి మామూలుగా ఏ రక్షణా ఉండదు. ఇప్పుడది ముందుకు వచ్చి ముళ్ల మధ్య, మందు అవశేషాలున్న ఆకుల మధ్య తిరుగుతుంది. వెనక మూతకు మధ్యలో గుండ్రంగా కోసి, 52 ఎంఎం యూవీ ఫిల్టర్ అతికించి తగిలించాను. కొన్ని మిల్లీమీటర్ల చోటు పోతుంది, పోనివ్వండి.

పురుగుల్ని వెతకడం నాకు చేతకాలేదు, కలుపు తీసే ఆమె నేర్పింది. "అన్నా, ఇగురంతా ఎందుకు చూస్తావు? చీమలెక్కిన కొమ్మ చూడు, ఆడ ఉంటాయి." సిల్లా పిల్లలు తియ్యటి జిగురు విసర్జిస్తాయి, చీమలు దానికోసం వస్తాయి. చీమల బారు వెంట వెళితే రెండో కొమ్మకే దొరికాయి. గుంపుగా, ఆకు ముడతలో, మైనపు పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని. 28 ఎంఎంతో గుంపును తీయబోతే ఒకటి ఫోకస్‌లోకి వస్తే పక్కది పోతోంది. 50 తగిలించి 1ఎక్స్‌కు దిగాను. ఆకు, ముడత, గుంపు, ఒక చీమ అన్నీ ఒక ఫ్రేములో కుదిరాయి. కూలీలకు ఎక్కువగా ఉపయోగపడింది ఈ ఫొటోనే, ఎందుకంటే కంటికి కనిపించేది ఇలాగే. 2ఎక్స్ ఫొటో దాని పక్కన చిన్న గడిలో పెట్టాం. పెద్దగా తీయగలిగిన ప్రతిదాన్నీ పెద్దగా వేస్తే ఆనవాలు తెలియదు.

అక్షింతల పురుగులు, వాటి పిల్లలు కూడా ఆ గుంపుల దగ్గరే దొరికాయి. వాటికి 1ఎక్స్ చాలు. నిమ్మ సీతాకోకచిలుక పిల్ల పురుగుకైతే అదీ అక్కర్లేదు. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, ఎదిగాక ఆకుపచ్చగా ఉంటుంది, ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది. ఫోన్‌తో తీసినా సరిపోయేది.

పాముపొడకు దారి వేరే. ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా పురుగు ఆకు పైపొర కింద సొరంగం తవ్వుకుంటూ పోతుంది. పైనుంచి ఎంత మంచి వెలుగు వేసినా వెండి గీతలే కనిపిస్తాయి, లోపలి పురుగు కనిపించదు. డబ్బా తీసేసి, ఫ్లాష్‌ను కేబుల్‌తో విడదీసి, ఆకు వెనక ట్రేసింగ్ పేపర్ పెట్టి దాని వెనక నుంచి కొట్టాను. ఆకు పచ్చటి దీపంలా వెలిగింది. సొరంగం లేత రంగు బాటలా, దాని నడిమధ్య పురుగు వదిలిన మలం నల్లటి సన్నగీతలా, గీత ఆగిన చోట పసుపుపచ్చ పురుగు. గీత వెంట వేలు పెట్టి వెళితే ఎక్కడ మొదలైందో, ఇప్పుడు ఎక్కడుందో తెలుస్తుంది. ఆకు అంచు మడిచి ఉన్న చోట లోపల ప్యూపా ఉంటుంది, దాన్ని కూడా అదే వెలుగులో తీశాను.

ఒకటి మాత్రం తీయనన్నాను. గ్రీనింగ్ తెగులు సోకిన ఆకును 'ఇదే ఆ తెగులు' అని షీటు మీద వేయడం. జింకు, ఇనుము లోపాల వల్ల వచ్చే పసుపుకూ దానికీ పోలిక ఎక్కువ. ఈనెకు అటూ ఇటూ మచ్చలు సరిపోలకపోవడం ఒక గుర్తే గానీ, తేల్చాల్సింది పరీక్ష చేసేవాళ్లు. పెద్దాయన కాస్త గొణిగాడు, ఒప్పుకున్నాడు.

షీటు, కొన్ని లెక్కలు

12×18 అంగుళాల షీటు. పై వరసలో బతికిన పిల్ల, డొల్ల, కుబుసం. కింద గుడ్లు, గుంపు, ఎదిగిన సిల్లా, పాముపొడ, సీతాకోకచిలుక పిల్ల పురుగు, అక్షింతల పురుగు. ప్రతి గడిలో మూలన మిల్లీమీటరు గీత ఒకటి పెట్టాను. అదే దూరంలో, అదే లెన్సుతో ప్లాస్టిక్ స్కేలును ఫొటో తీసుకుని ఉంటే ఆ గీత గీయడం సులువు, తిరగేసిన లెన్సులో దూరం మారదు కాబట్టి కొలతా మారదు. ల్యామినేషన్‌కు మెరుపు లేని మ్యాట్ రకం వేయించాను, షెడ్డులో ట్యూబ్‌లైటు కింద చదవాలి కదా.

ధనుర్మాసంలో మళ్లీ ముహూర్తాలు లేనప్పుడు వెళ్లాను, అప్పటికి వానలయ్యాక వచ్చిన ఇగురు ఉంది. పొద్దున చలికి ఎదిగిన సిల్లా మందకొడిగా ఉండి, తోక ఎత్తిన భంగిమలో కావాల్సినంతసేపు కూర్చుంది. ఆషాఢంలో తీసిన దాన్ని తీసేసి ఈ ఫొటో పెట్టాం. ఆ గడి ఒక్కటే మారింది.

ఇదే పని మిర్రర్‌లెస్ కెమెరాతో చెయ్యాలనుకునే తోటి ఫొటోగ్రాఫర్లకు ఒక హెచ్చరిక. పురుగు ముందు మిగిలే చోటు లెన్సు మౌంటు దూరాన్ని బట్టి ఉంటుంది, కెమెరాను బట్టి కాదు. నికాన్ జెడ్ మౌంటుకు ఆ దూరం 16 మి.మీ. మాత్రమే. జెడ్ లెన్సు తిరగేస్తే పురుగు దాదాపు అద్దానికి తగులుతుంది, పైగా అపర్చర్, ఫోకస్ రెండూ కరెంటు మీద నడిచేవి కాబట్టి చేతికి లొంగవు. పాత ఎఫ్ మౌంటు డీ లెన్సు తీసుకుని, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ (ఎఫ్ లెన్సును జెడ్ కెమెరాకు కలిపేది) మీద రింగు బిగించండి. అడాప్టర్ లేకుండా నేరుగా జెడ్ రింగు బిగిస్తే లెన్సు సెన్సార్‌కు 30.5 మి.మీ. దగ్గరవుతుంది, ఆ మేరకు బొమ్మ చిన్నదవుతుంది. పాత మాన్యువల్ 28 ఎంఎం ఎవరి అల్మారాలోనైనా పడి ఉంటే అమ్మేయకండి.

షీటు తగిలించాక పెద్దాయన అడిగింది మంగు నల్లి గురించి. కాయ తొక్క మీద మంగు తెచ్చే నల్లి సుమారు 0.15 మి.మీ. 3ఎక్స్‌లో తీసినా సెన్సార్ మీద అర మిల్లీమీటరు కూడా పడదు, అక్కడ డిఫ్రాక్షన్ దాని కాళ్లనూ ఒంటినీ కలిపేస్తుంది. దానికి మైక్రోస్కోప్ అబ్జెక్టివ్ కావాలి, 10ఎక్స్ రకం, 200 ఎంఎం లెన్సు ముందు బిగించి, పూర్తిగా బల్ల మీదే తియ్యాలి. తిరగేసిన లెన్సు పని కాదని చెప్పి, దానికి బదులు మంగు పట్టిన కాయ తొక్కను 50 ఎంఎంతో 1ఎక్స్‌లో తీసి ఇచ్చాను.